పొడి గొంతు

ఆ బస్టాండులో గోడ గడియారం ఒకటి ఉండేది కానీ, దాన్ని నమ్మి బస్సెక్కినవాళ్ళు లేరు. అందరూ ఆవిడ గొంతును నమ్మి ఎక్కేవాళ్ళు. చుట్టుపక్కల రెండు వీధుల్లో ఇళ్ళ పనులన్నీ ఆ గొంతును బట్టే సాగేవి. "కొండమీది ఊరి బస్సు చెప్పేసింది, నీకింకా స్నానం కాలేదా?" అని పిల్లల్ని తరిమే తల్లులు, "రేవు బస్సు పిలుస్తోంది, కొట్టు కట్టేద్దాం" అనుకునే వ్యాపారులు ఉండేవాళ్ళు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ గడియారాలున్న ఫోన్లున్నాయి. టైము మాత్రం ఎవరికీ తెలిసి చావడం లేదు.

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండే ఉంటుంది. డ్రైవర్లకూ కండక్టర్లకూ టీ కొట్టతనికీ ఆవిడ అనౌన్సరమ్మ. కట్టుకున్న మొగుడు కూడా అలాగే పిలిచేవాడు. ఆయన బస్టాండు వెనక వర్క్‌షాపులో మెకానిక్కు. రోజంతా ఏదో ఒక బస్సు కింద వెల్లకిలా పడుకుని, పెళ్ళాం గొంతు వింటూ నట్లు బిగించేవాడు. "లోకంలో మొగుళ్ళందరికీ ఇంటికెళ్ళాక మొదలవుతుంది. నాకు డ్యూటీలో కూడా తప్పదు" అని తోటివాళ్ళతో అనేవాడు. అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోయి వచ్చాడంటే ఆ పూట స్పీకర్లో, "వర్క్‌షాపు సిబ్బంది గమనించగలరు, తమ వస్తువులు తామే జాగ్రత్త చేసుకోవలెను" అని వినిపించేది. దాని అర్థం తెలిసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు.

ఆవిడ గది టికెట్ల కిటికీల పక్కన ఉండేది. మూడు వైపులా అద్దాలు, ఒక బల్ల, మెడ వంచిన మైకు, దానికో ఎర్ర స్విచ్చి. నెత్తిన ఫ్యాను ఉన్నా మైకు వేసేముందు ఆపెయ్యాలి, లేకపోతే గాలి హోరు ఊరంతా వినిపిస్తుంది. బస్సుల పొగ కిటికీ కన్నంలోంచి తిన్నగా లోపలికొచ్చి, బయటికి దారి తెలియనట్టు అక్కడే తిరిగేది. సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాసుకోవచ్చు.

ఆవిడకు ఆ పని నేర్పినాయన్ని అందరూ మైకు మాస్టారు అనేవాళ్ళు. సన్నటి మనిషి. గట్టిగా తుమ్మితే పడిపోతాడేమో అనిపించేవాడు. ఆ ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చేదో దేవుడికే తెలియాలి. ఆయన నేర్పినవాటిలో రెండు సంగతులు ఆవిడలో జీర్ణించుకుపోయాయి. ఒకటి, దూరం బస్సు ఆగే ఊళ్ళన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఆగితే, అదే ఆఖరి ఊరనుకుని ఆ తర్వాతి ఊళ్ళవాళ్ళు బస్సెక్కరు. రెండోది పొడి గొంతు.

"మైకు ముందు నీళ్ళు ముట్టుకోకూడదమ్మాయ్" అన్నాడు మొదటిరోజే. "తడి గొంతులో మాట జారుతుంది. బుడగలు పేలినట్టు వినిపిస్తుంది. డ్యూటీ దిగాక బావి మొత్తం తాగు, నేనడగను."

"గొంతు ఎండిపోతే ఎలా మాస్టారూ?"

"బుగ్గన పటికబెల్లం ముక్క పెట్టుకో. ఊట అదే వస్తుంది."

ఇందులో నిజమెంతో అబద్ధమెంతో ఎవరికి తెలుసు? ఆయనకు ఆయన గురువు చెప్పాడు, ఈవిడకు ఈయన చెప్పాడు. పని నేర్పినవాడి మాటకు పరీక్ష పెట్టే అలవాటు ఆ కాలంలో లేదు. ఈ కాలంలో గురువే లేడు, అది వేరే సంగతి. ఆవిడ మైకు పక్కన చిన్న రేకు డబ్బాలో పటికబెల్లం పెట్టుకుంది. డ్యూటీలో ఉన్నంతసేపూ మంచినీళ్ళ చెంబు వైపు కన్నెత్తి చూడలేదు.

ఎంత బాగా చెప్పేదో! మధ్యాహ్నం దూరం బస్సుకు ముందు డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని అద్దాల బయట నిలబడేవాళ్ళు. ఊపిరి తీసుకుంటుందా తీసుకోదా అని పందెం. ఆవిడ ఫ్యాను ఆపి, స్విచ్చి నొక్కి, మొదటి ఊరి దగ్గర ఎత్తుకుంటే చివరి ఊరి దాకా జలజలా చెప్పేసి, "ప్రయాణికులు గమనించగలరు" అని మెల్లగా దించేది. అప్పుడు అద్దంలోంచి వాళ్ళ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసేది. ఓడినవాడు అందరికీ టీ చెప్పేవాడు. పందెం వేసిన పాపానికి ఏడాది పొడుగునా టీలు పోయించినవాళ్ళున్నారు.

మాస్టారు రిటైరై వెళ్ళిపోయాక అన్నేళ్ళూ ఆ గది ఆవిడదే. బస్సుల పొగ ఊరికే పోదు కదా. ఒక చలికాలంలో దగ్గు మొదలై, ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు. ఒకరోజు దూరం బస్సు చెబుతూ చెబుతూ మధ్యలో ఊపిరి తెగింది. అద్దం బయట ఎవరూ నవ్వలేదు. పందెం గెలిచినవాడు కూడా తల దించుకున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది, గొప్ప అవమానంగా తోచింది.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ చూసి ఉబ్బసం అంది. నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఇచ్చింది. "పొద్దున, సాయంత్రం. వాడిన ప్రతిసారీ నోరు బాగా పుక్కిలించి ఉమ్మెయ్యండి. మర్చిపోకూడదు" అని రెండుసార్లు చెప్పింది. ఆవిడ రెండుసార్లూ తలూపింది.

పంపు పనిచేసింది. ఊపిరి నిండింది. దాంతో ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున పీల్చాల్సింది ఇంట్లో పీల్చకుండా గదిలోకి తెచ్చుకుని, మైకు వేసేముందు పీల్చేది. మధ్యాహ్నం దూరం బస్సుకు ముందు ఇంకోసారి, డాక్టరు చెప్పకపోయినా. మరి పుక్కిలించడమో? మైకు ముందు నోట్లో నీళ్ళా! పాము చావకుండా కర్ర విరగకుండా ఒక దారి వెతుక్కుంది. సాయంత్రం ఇంట్లో వాడినప్పుడు మాత్రం శుభ్రంగా పుక్కిలించేది. డాక్టరు మాటా చెల్లింది, మాస్టారి మాటా చెల్లింది అనుకుంది. పగలంతా మందు నోట్లోనే ఉండేది, దాని పక్కన పటికబెల్లం ముక్క కరుగుతూ ఉండేది.

కొన్ని నెలలకు గొంతు గరగరలాడింది. చలిగాలి అనుకుంది. తర్వాత బొంగురుపోయింది. వేడి చేసిందనుకుంది. మనవాళ్ళకు ప్రతిదానికీ వేడో చలువో, ఈ రెండే జబ్బులు. మొగుడు గాభరాపడి ఒక పెద్ద సీసా తేనె తెచ్చాడు. పొద్దున్నే దగ్గరుండి రెండు చెంచాలు నాకించి పంపేవాడు. "మైకుకి కాదు, ముందు నాకు వినపడాలి నీ గొంతు" అనేవాడు. పాపం, ప్రేమతోనే పోశాడు.

ఒకరోజు ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి తల లోపలికి పెట్టాడు. "అమ్మా, ఈ కొత్తగా పెట్టిన కుర్రాడెవరో గానీ గొంతు అస్సలు బాగోలేదు. ఇదివరకు చెప్పే ఆవిడ ఏమైందమ్మా?"

"సెలవులో ఉందండీ" అంది ఆవిడ.

"ఆ గొంతు కాస్త తగ్గించి చెప్పమను ఆ అబ్బాయిని" అని ఆయన వెళ్ళిపోయాడు. పక్క కిటికీలో టికెట్లిచ్చే అమ్మాయి పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వింది. నవ్వి, ఫ్యాను వేసుకుని, బల్ల మీద తల పెట్టుకుంది.

ఆ వారమే చేతి అద్దంలో నోరు చూసుకుంది. నాలుక వెనక, బుగ్గల లోపల తెల్లగా పెరుగు తరకల్లా అంటుకుని ఉన్నాయి. రుమాలుతో తుడిస్తే కింద ఎర్రగా మండింది. వాళ్ళ పిన్నికి కూడా మొదట గొంతే బొంగురుపోయింది. ఏడాది తిరగకుండా మాట, ఆ వెనకే మనిషీ పోయారు. ఆవిడ అద్దం బోర్లించేసింది. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికెళితే ఆ జబ్బు పేరు పైకి చెబుతారు. చెప్పకుండా ఉన్నన్నాళ్ళూ అది లేదనుకోవచ్చు. తెలివైనవాళ్ళం మనమంతా చేసే పనే ఇది.

గొంతు విని మైకు మాస్టారు వెతుక్కుంటూ వచ్చాడు. కర్ర పట్టుకుని, రొప్పుతూ, అద్దాల గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నీళ్ళు తాగి మైకు పట్టుకుంటున్నావు కదూ?"

"లేదు మాస్టారూ. మీమీద ఒట్టు."

"మరేంటే ఆ గొంతు? నేను ఇంట్లో కూర్చుని చెవులు మూసుకోవాల్సొస్తోంది."

"ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు మాస్టారూ" అంది. అది ఆవిడ బతుకులో చెప్పిన పచ్చి నిజాల్లో ఒకటి. ఆయన "పటికబెల్లం ఎక్కువ పెట్టుకో" అని చెప్పి వెళ్ళాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బస్టాండులో మిషను పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళ పేర్లన్నీ ఒకసారి రికార్డు చేసి పెడితే, ఇక మనిషి అక్కర్లేదు, మీట నొక్కితే అదే చెబుతుంది. పైవాళ్ళు ఎవరో తెలియని గొంతు పంపిస్తామన్నారు. స్టేషను మేనేజరు మంచివాడు. పట్టుబట్టి ఒప్పించి, పరుగున గదికొచ్చాడు.

"అనౌన్సరమ్మగారూ, మీ గొంతే! మీరు రిటైరైనా, నేను పోయినా, ఈ బస్టాండు ఉన్నన్నాళ్ళూ మీ గొంతు ఉంటుంది. వచ్చే వారం రికార్డింగు వాళ్ళొస్తున్నారు."

"గొంతు బాగోలేదు సార్. కొన్నాళ్ళు ఆగితే?"

"వాళ్ళు ఒక్క రోజే వస్తారమ్మా. తప్పితే పైవాళ్ళ గొంతే. అయినా కాస్త బొంగురైతే ఏం? మీ గొంతు మీదే కదా."

ఆవిడ ఆ వారమంతా ఒకటే ఆలోచించింది. వద్దనవచ్చు. వద్దంటే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ ఊళ్ళ పేర్లు పలుకుతుంది. ఔనంటే ఈ బొంగురు గొంతు నిలిచిపోతుంది. తగ్గుతుందని నమ్మకముంటే ఆవిడ వద్దనే అనేది. ఆ నమ్మకం లేదు. పిన్ని గుర్తొచ్చింది. రేపీపాటికి ఈ కాస్త గొంతు కూడా ఉండదేమో. పోయేలోగా ఉన్నదాన్ని ఒకచోట దాచిపెడితే, కనీసం ఆయన బస్సుల కింద పడుకుని వింటాడు కదా అనుకుంది.

రికార్డింగు రోజున మాస్టారు చెప్పినట్టే చేసింది. చుక్క నీరు ముట్టుకోలేదు. పంపు గట్టిగా పీల్చింది, బుగ్గన పటికబెల్లం పెట్టుకుంది. ఒక్కో ఊరి పేరూ పలికింది. కొన్ని పేర్లలో గొంతు చిరిగింది, కొన్నింట్లో మాట అసలు బయటికే రాలేదు, మళ్ళీ చెప్పించారు. రికార్డింగు అతను మర్యాదస్థుడు. "ఫరవాలేదండీ, అర్థమవుతోంది" అన్నాడు. ఆ మాటకన్నా చెంపమీద కొట్టినా బాగుండేదని ఆవిడకు అనిపించింది.

ఇంటికొచ్చి గడప మీద కూలబడింది. మొగుడు తేనె సీసా తీసుకుని ఎదురొచ్చాడు.

"నా గొంతు దాచిపెట్టొచ్చానండీ" అంది.

"దాచడమేంటి?"

"నేను పోయాక వింటారు కదా మీరు" అని ఒక్కసారిగా ఏడ్చేసింది. పిన్ని సంగతి, తెల్ల తరకల సంగతి అన్నీ చెప్పేసింది.

ఆయన సీసా కింద పెట్టాడు. ఇంజన్ల లోపలికి చూసే తన టార్చి లైటు తెచ్చి, "నోరు తెరువు" అన్నాడు. చూశాడు. మాసిన బట్టల్లోనే చెప్పులేసుకుని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లేపాడు. "బస్సుకి చప్పుడొస్తే డ్రైవరు నాకు చెబుతాడు. చెప్పకపోతే నేనెలా బాగుచెయ్యను? ఇన్నాళ్ళు నాకు చెప్పలేదంటే నన్నేమనుకున్నావే?" దారంతా ఆ ఒక్క మాటే తిట్టాడు. తిడుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

డాక్టరమ్మకు క్షణం పట్టలేదు. "ఇది బూజమ్మా" అంది.

"బూజా?"

"ఫంగస్. రొట్టె మీద పడుతుందే, దానికి చుట్టమే. అందరి నోట్లోనూ కాస్తో కూస్తో ఉంటుంది, ఎవర్నీ ఏమీ అనదు. ఎవరో తలుపు తీస్తేనే లోపలికొచ్చి కాపురం పెడుతుంది. పంపు వాడాక పుక్కిలిస్తున్నారా?"

ఆవిడ మాస్టారి సంగతి చెప్పింది. పటికబెల్లం సంగతి చెప్పింది. మొగుడు తేనె సంగతి చెప్పాడు. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"ఆ మందు నోట్లో నిలిస్తే అక్కడి కాపలా పడుకుంటుంది. పైన పటికబెల్లం, తేనె! ఫంగస్‌ని పిలిచి పీట వేసి విందు పెట్టారు మీరిద్దరూ. సరే, ఇంత గట్టిగా పట్టిందంటే ఇంకో తలుపు కూడా తెరిచి ఉందేమో చూడాలి. ఎప్పుడైనా షుగర్ చూపించుకున్నారా?"

ఎప్పుడూ లేదు. రక్తం తీశారు. షుగర్ ఉంది, బాగా ఎక్కువే ఉంది. దాహం వేస్తున్నా, బరువు తగ్గుతున్నా, రాత్రుళ్ళు పదే పదే లేవాల్సి వస్తున్నా ఆవిడ పట్టించుకోలేదు. డ్యూటీలో నీళ్ళు తాగకపోతే దాహం వెయ్యదా ఏమిటి అనుకుంది. గొంతు డాక్టరు సన్నటి గొట్టం వేసి లోపలిదాకా చూసి, "ఇక్కడా అదే తెల్లపూత. మీరు భయపడుతున్నది ఏమీ లేదు" అన్నాడు. ఆ మాటకు ఆవిడ కుర్చీలోనే కళ్ళు మూసుకుంది. ప్రాణం లేచొచ్చింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే నవ్వేవాణ్ణి" అన్నాడు మొగుడు బయటికొచ్చాక. "నిజంగానే ఊడేది." తేనె సీసా ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్ళిపోయింది.

ఫంగస్‌కి మందు, షుగర్‌కి మాత్రలు, మందు నోట్లో నిలవకుండా పంపుకి ముందు తగిలించుకునే పొడుగాటి గొట్టం, వాడిన ప్రతిసారీ పుక్కిలింత. పూత కొద్దిరోజుల్లో పోయింది. గొంతు తొందరపడలేదు, తీరిగ్గా వచ్చింది. మొదట గరగర తగ్గింది, తర్వాత అడుగు నుంచి నిండుదనం చేరింది. ఒక పొద్దున వంటింట్లోంచి "టీ చల్లారిపోతోంది" అని కేకేసింది. పెరట్లో మొహం కడుక్కుంటున్నాయన అలాగే ఆగిపోయాడు. ఏళ్ళనాటి గొంతు. మళ్ళీ అనమన్నాడు. ఆవిడ మళ్ళీ అంది. ఆ టీ నిజంగానే చల్లారిపోయింది.

మాస్టారికి చెప్పడానికి వెళ్ళింది. ఆయన మంచం మీద ఉన్నాడు, గోడవైపు తిరిగి.

"ఎందుకైందటే?"

చెప్పడానికే వెళ్ళింది. ఆయన మొహం చూశాక నోరు రాలేదు. "షుగరట మాస్టారూ. అదే చేసిందంతా" అంది.

"అనుకున్నాను" అన్నాడాయన తేలిగ్గా ఊపిరి పీల్చి. "నీళ్ళ వల్ల అయ్యుండదని నాకు తెలుసు. నా శిష్యురాలివి." ఆవిడ ఆయన కాళ్ళు కాసేపు ఒత్తి వచ్చేసింది. తప్పులో షుగర్ వాటా సగమే, అయినా మొత్తం అదే మోసింది. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు.

ఆవిడ సెలవు ముగించుకుని వెళ్ళేసరికి బస్టాండులో మిషను నడుస్తోంది. స్పీకర్లోంచి బొంగురు గొంతు, చిరిగిన ఊళ్ళ పేర్లు. గదిలో మైకు తీసేశారు. ఆవిణ్ణి పాసుల విభాగంలో వేశారు. మేనేజరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. కొత్తాయన దగ్గరికి వెళ్ళి, గొంతు బాగైంది సార్, ఇంకొక్కసారి రికార్డు చేయించండని అడిగింది. ఆయన ఆవిడ గొంతు విన్నాడు, స్పీకర్ విన్నాడు. "నిజమేనమ్మా, మీరిప్పుడు చాలా బాగా పలుకుతున్నారు" అన్నాడు. "కానీ అందులోనూ అర్థమవుతోంది కదా." మళ్ళీ అడిగింది, రిటైరయ్యే ముందు కూడా అడిగింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ చేయించలేదు.

దేనికైనా అలవాటుపడతారు జనం. ఇప్పుడు ఆ ఊళ్ళో పిల్లలకు బస్టాండు అంటే ఆ బొంగురు గొంతే. ఆవిడకు మాత్రం అలవాటు కాలేదు. బజారుకు వెళ్ళాలంటే బస్టాండు తప్పించి చుట్టుదారిన వెళ్ళేది. జబ్బు తగ్గిపోయినా అది గోడలెక్కి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తోందని, ఆరోగ్యంగా ఉన్న తన గొంతు ఇంట్లో టీ చల్లారకుండా చూడటానికి తప్ప పనికిరాలేదని మొగుడితో అనేది.

మొన్న కూతురి దగ్గరికి వెళ్ళడానికి తప్పక బస్టాండుకు వచ్చారిద్దరూ. బెంచీ మీద కూర్చున్నారు. పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలామె. స్పీకరు గరగరమంది. దూరం బస్సు. ముసలామె చెవి పైకెత్తి విని, అర్థంకాక ఆవిడ వైపు తిరిగింది.

"ఏమంటోందమ్మా? మావూరు వెళుతుందా అది? నాకొక్క ముక్క తెలిసి చావలేదు."

"ఏ ఊరమ్మా మీది?"

"చిన్న పల్లె, చెప్పినా నీకు తెలియదు. ఆ పేర్లన్నీ చెబితే అందులో మాది ఉందో లేదో నేనే పోల్చుకుంటా."

ఆవిడ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆవిడకే తెలియదు, మైకు ముందు మాత్రం ఎప్పుడూ నిటారుగానే ఉండేది. మొదటి ఊరి దగ్గర ఎత్తుకుంది. ఉబ్బసం మనిషి, వయసు మళ్ళిన మనిషి, ఒక్క ఊపిరిలో చివరి ఊరి దాకా వెళ్ళింది. "ప్రయాణికులు గమనించగలరు" అని మెల్లగా దించింది. చుట్టూ బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. టికెట్ల వరసలో నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మొగుడు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మాది ఆఖరి నుంచి రెండోది" అంది ముసలామె సంతోషంగా. మూట సర్దుకుంటూ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "ఎంత చక్కటి గొంతమ్మా నీది! పైన చెప్పేదాని కన్నా వెయ్యి రెట్లు నయం. ఈ ఉద్యోగం నీకెందుకివ్వలేదమ్మా వీళ్ళు?"

మొగుడు నోరు తెరవబోయాడు. ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"ఎవరూ అడగలేదమ్మా" అంది.

పైన స్పీకర్లో ఆవిడే అదే బస్సు గురించి రెండోసారి చెబుతోంది.